రేపు బడి ఉందా? పాఠశాల వెబ్‌సైట్ నిర్మాణ పద్ధతి

పాఠశాల వెబ్‌సైట్ అంటే, బడి గురించి ఏదైనా తెలుసుకోవాలనుకున్న మనిషి ఆఫీసుకు ఫోను చెయ్యకుండా, గేటు దగ్గర వాచ్‌మన్‌ను బతిమాలకుండా తెలుసుకోగలిగే చోటు. ఈ నిర్వచనానికి నిలబడే సైట్లు తెలుగునాట వెతికితే దొరుకుతాయి. మిగతావన్నీ ఫ్లెక్సీలు. ఫ్లెక్సీకీ నోటీసు బోర్డుకీ తేడా ఊళ్లో అందరికీ తెలిసిందే. ఫ్లెక్సీ మీద ఉన్నాయన జనాన్ని చూస్తుంటాడు, నోటీసు బోర్డును జనం చూస్తారు. పాఠశాల వెబ్‌సైట్ రెండో జాతికి చెందినది. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మిగతా పని సులువు. ఒప్పించడమే కష్టం.

వెబ్‌సైట్‌కు వచ్చేవాళ్లు నాలుగు రకాలు. మొదటి రకం, పిల్లల్ని ఇప్పటికే ఆ బడిలో వేసినవాళ్లు. వీళ్ల ప్రశ్నలు చిన్నవి, కానీ అర్జెంటు. రేపు బడి ఉందా, పరీక్షలు ఎప్పటినుంచి, రెండో టర్మ్ ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడు, బస్సు ఎన్నింటికి వస్తుంది. రెండో రకం, ఇంకా వెయ్యనివాళ్లు. వీళ్లది ఒకటే ప్రశ్న: ఫీజు ఎంత? మొహమాటంకొద్దీ దాన్ని చివర అడగడానికి ముందు సిలబస్ గురించీ, ఆటస్థలం గురించీ కాసేపు అడుగుతారు. మూడో రకం, పాత విద్యార్థులు. పదేళ్ల కిందట టీసీ తీసుకోవడం మరిచిపోయినవాళ్లు, స్టడీ సర్టిఫికెట్ కావలసినవాళ్లు, పదో తరగతి మెమోలో ఇంటిపేరు తప్పు పడినవాళ్లు. నాలుగో రకం, తనిఖీ అధికారులు. వీళ్లు కాక ఇంకొకరున్నారు, కరస్పాండెంట్ గారు. ఆయన ఒక్కరే, కానీ చాలా వెబ్‌సైట్లు ఆయన ఒక్కరి కోసమే తయారవుతాయి.

ఈ జబ్బు తెలుగువాళ్లకే పరిమితం కాదు. అమెరికన్ కార్టూనిస్టు రాండల్ మన్రో 2010లో ఎక్స్‌కేసీడీ అనే తన వెబ్ కామిక్‌లో రెండు వృత్తాలు గీశాడు. విశ్వవిద్యాలయం వెబ్‌సైట్ మొదటి పేజీలో ఉండేవన్నీ ఒక వృత్తంలో, అక్కడికి వచ్చేవాళ్లు వెతికేవన్నీ రెండో వృత్తంలో వేశాడు. అధ్యక్షుడి సందేశం, క్యాంపస్ ఫొటోలు, పత్రికా ప్రకటనలు ఒకవైపు. ఫోను నంబర్లు, దరఖాస్తు ఫారాలు, అకడమిక్ క్యాలెండర్, పనికొచ్చే మ్యాపు ఇంకొకవైపు. రెండు వృత్తాలూ కలిసిన చోట ఉన్నది ఒక్కటే, సంస్థ పూర్తి పేరు. ఆంధ్రదేశంలో ఒక్కోసారి అది కూడా కలవదు, ఎందుకంటే పేరుండాల్సిన చోట ఇంకొకటి ఉంటుంది. అది ఎలా జరుగుతుందో వెబ్‌సైట్ పుట్టుక గమనిస్తే తెలుస్తుంది.

వెబ్‌సైట్ పుట్టడానికి కారణాలు రెండు. సీబీఎస్ఈ అనుబంధం ఉన్న బడికి అది తప్పనిసరి, కాబట్టి పుడుతుంది. మిగతా చోట్ల పక్కవీధి బడికి ఉంది కాబట్టి పుడుతుంది. కారణం ఏదైనా, పురుడు పోసేది ఊళ్లో నలుగురికి సైట్లు చేసిపెట్టే కుర్రాడు. కరస్పాండెంట్ గారి గదిలో ఇద్దరి మధ్యా సాగే సంభాషణకు ఇంచుమించు ఒకే నమూనా ఉంటుంది.

"ఏమయ్యా, నా ఫొటో ఇంకొంచెం పెద్దది పెట్టు."

"ఇంకా పెద్దదయితే స్కూలు పేరు కనపడదండీ."

"పేరు అందరికీ తెలిసిందే కదయ్యా."

"ఫీజుల పేజీ ఎక్కడ పెట్టమంటారండీ?"

"అది వద్దులే. కావలసినవాళ్లు వచ్చి అడుగుతారు."

ఈ చివరి మాటతో వెబ్‌సైట్ ప్రయోజనం ముగుస్తుంది, తయారీ మొదలవుతుంది. సరైన పద్ధతిలో ఈ సమావేశం కరస్పాండెంట్ గారి గదిలో జరగదు, ఆఫీసు గుమాస్తా బల్ల దగ్గర జరుగుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఫోనెత్తేది ఆయనే. వారం రోజులు వచ్చిన ఫోన్లలో ఎవరు ఏం అడిగారో ఒక కాగితం మీద రాయిస్తే వెబ్‌సైట్ నమూనా దానంతటదే తయారవుతుంది. ఎక్కువమంది అడిగినది పైన, తక్కువమంది అడిగినది కింద, ఎవరూ అడగనిది లోపలి పేజీలో. "కరస్పాండెంట్ గారి సందేశం చదివి వినిపిస్తారా" అని ఎవరైనా ఫోన్ చేస్తే దాన్ని కూడా పైనే పెట్టవచ్చు.

మొదటి పేజీలో ఉండవలసినవి తక్కువే. బడి పూర్తి పేరు, ఊరు, ఏ బోర్డు, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, ఏ మాధ్యమం, ఫోను నంబరు, ఆఫీసు వేళలు, తాజా నోటీసులు, ఫీజు, అడ్మిషన్లు, క్యాలెండర్, బస్సు. ఊరి పేరు ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. "మెయిన్ రోడ్డు, ఆంజనేయస్వామి గుడి ఎదురుగా" అని మాత్రమే చిరునామా ఇచ్చే బళ్లు కొన్ని ఉన్నాయి. మెయిన్ రోడ్డు లేని ఊరు, ఆంజనేయస్వామి గుడి లేని మెయిన్ రోడ్డు తెలుగుదేశంలో లేవు. సరస్వతీ విద్యాలయాలూ, వివేకానంద పబ్లిక్ స్కూళ్లూ జిల్లాకు ఎన్నో ఉంటాయి. అందుకే పేరు పక్కన మండలం, జిల్లా, పిన్‌కోడుతోపాటు 11 అంకెల యూడైస్ కోడు కూడా వెయ్యడం మంచిది. ఆంధ్రప్రదేశ్ బళ్లకు అది 28తో, తెలంగాణ బళ్లకు 36తో మొదలవుతుంది. పేరు కలిసినా కోడు కలవదు.

ఇప్పుడు మొదటి పేజీలో ఉంటున్నవాటి సంగతి. మొదటిది, కదిలే ఫొటోల వరుస. ఫలానా ఫొటో ఏమిటో చూద్దామనుకునేలోపు అది వెళ్లిపోతుంది, వద్దనుకున్నది తిరిగొస్తుంది. రెండోది, కుడి నుంచి ఎడమకు పరుగెత్తే ఎర్ర అక్షరాల వార్త. వెనకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కాలంలో మార్క్యూ అనే ట్యాగుతో మొదలైన ఈ పరుగును హెచ్‌టీఎంఎల్ ప్రమాణం కాలం చెల్లిందని ప్రకటించి చాలాకాలమైంది, కానీ ఆ సమాచారం ఇంకా మన బళ్లకు చేరలేదు, బహుశా అదీ ఎక్కడో పరుగెత్తుతూనే ఉండి ఉంటుంది. మూడోది, ప్రతి వార్త పక్కనా టపటప కొట్టుకునే "న్యూ" అనే బొమ్మ. 2019 నాటి అడ్మిషన్ల ప్రకటన పక్కన కూడా అది కొట్టుకుంటూనే ఉంటుంది.

కదిలే వాటికి అంతర్జాతీయ నియమం ఒకటుంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం అందరికీ అందుబాటు కోసం తయారుచేసిన డబ్ల్యూసీఏజీ అనే మార్గదర్శకాలు 1999లో మొదలై, 2008, 2018, 2023లలో కొత్త రూపాలు తీసుకున్నాయి. వాటి ప్రకారం, దానంతటదే కదలడం మొదలుపెట్టి ఐదు సెకన్లు దాటి కదిలే దేనికైనా దాన్ని ఆపే మీట ఉండాలి. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదు, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు అది ప్రమాదం. చదవడం నెమ్మదిగా సాగేవాళ్లకూ, చూపు మందగించిన తాతయ్యలకూ, ఏకాగ్రత నిలవని పిల్లలకూ కదిలే అక్షరం అందదు. నిలబడ్డ అక్షరం ఎవరికైనా అందుతుంది. బడిలో పిల్లలకు రోజూ చెప్పే "కదలకుండా కూర్చో" అన్న మాటను బడి తన వెబ్‌సైట్‌కు కూడా ఒకసారి చెప్పుకోవాలి.

నోటీసులు వెబ్‌సైట్‌కు గుండెకాయ. వీటి రాతలో రెండు సంప్రదాయాలున్నాయి. ప్రస్తుతం అమలులో ఉన్నది ఇలా సాగుతుంది: "గౌరవనీయులైన తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, వాయుగుండ ప్రభావమున కురియుచున్న భారీ వర్షములను దృష్టియందుంచుకొని, ఉన్నతాధికారుల ఆదేశానుసారము, విద్యార్థినీ విద్యార్థుల క్షేమమే పరమావధిగా భావించి, రేపటి దినమున పాఠశాలకు సెలవు ప్రకటించడమైనది." చదివే తల్లికి కావలసిన మాట చిట్టచివర ఉంది. అంతకంటే ముఖ్యం, రేపు అంటే ఏ రేపు అన్నది ఎక్కడా లేదు. వెబ్‌సైట్ మీద ఈ నోటీసు ఆరు నెలలు ఉంటే ఆరు నెలలూ రేపు సెలవే. తేదీ లేని "రేపు"కు ఉన్న బలం మనవాళ్లకు కొత్త కాదు. తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి దయ్యాన్ని రోజూ వెనక్కి పంపిన ఊళ్లివి. పిల్లల్ని కూడా అలా పంపాలనుకుంటే తప్ప నోటీసులో తేదీ ఉండాలి.

రెండో సంప్రదాయంలో అదే నోటీసు ఇలా ఉంటుంది: "అక్టోబరు 16, బుధవారం: బడికి సెలవు. కారణం భారీ వర్షాలు. గురువారం బడి మామూలుగా ఉంటుంది. బుధవారం జరగాల్సిన లెక్కల పరీక్ష శుక్రవారం పెడతాం." మొదటి మాటలో తేదీ, రెండో మాటలో విషయం, ఆపైన కారణం, చివర తర్వాత ఏం చెయ్యాలో. దీంట్లో గౌరవం తగ్గిందని కొందరు ప్రిన్సిపాళ్లు బాధపడతారు. వానలో పిల్లవాణ్ని తయారుచేసి, టిఫిన్ బాక్సు కట్టి, గొడుగు పట్టుకుని బడిదాకా వచ్చి, గేటుకు తాళం చూసి వెనక్కి వెళ్లిన తల్లికి దక్కిన గౌరవం కంటే ఇది ఎక్కువే.

ఈ నోటీసును పెట్టే విధానం కూడా పరిశీలించదగ్గది. ముందు కంప్యూటర్‌లో టైపు చేస్తారు. దాన్ని ప్రింటు తీస్తారు. ప్రిన్సిపాల్ గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, గుండ్రటి స్టాంపు వేస్తారు. స్టాంపు సగం అక్షరాల మీద పడుతుంది. ఆ కాగితాన్ని స్కాన్ చేసి, కొంచెం వంకరగా, పీడీఎఫ్ చేసి సైట్‌లో ఎక్కిస్తారు. మొదట్లో అక్షరాలుగా ఉన్నది ఇప్పుడు బొమ్మ అయింది. గూగుల్‌లో వెతికితే దొరకడం కష్టం, ఫోనులో వేలితో పెద్దది చేస్తే పక్కకు జరిగిపోతుంది, చూపులేనివాళ్ల ఫోను దాన్ని చదవలేదు. సెలవు గురించిన రెండు ముక్కలు పేజీ మీదే అక్షరాలుగా రాసేస్తే చాలు. స్టాంపు వేసిన కాగితం ఫైల్లో ఉంటుంది, అది ఎక్కడికీ పోదు.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లున్నారు. గ్రూపులో పెట్టిన సెలవు నోటీసు కింద వెంటనే "థాంక్యూ సర్"లు, చేతులు జోడించిన బొమ్మలు, ఒకాయన పంపిన శుభోదయం పువ్వులు, ఒకావిడ పొరపాటున పంపిన పట్టుచీరల ధరలు వచ్చి పడతాయి. సాయంత్రానికి నోటీసు పాతాళంలో ఉంటుంది. గ్రూపు కబురు చెప్పడానికి బాగుంటుంది, కబురు నిలబెట్టడానికి వెబ్‌సైటే కావాలి. నోటీసు సైట్‌లో పెట్టి, దాని లింకు గ్రూపులో వేస్తే రెండూ తీరుతాయి.

తర్వాతి అంశం భాష. తెలుగు మాధ్యమం బడి కూడా వెబ్‌సైట్ దగ్గరికొచ్చేసరికి ఇంగ్లిషులోకి దిగుతుంది. అందులోనూ మామూలు ఇంగ్లిషు కాదు. సంపూర్ణ మూర్తిమత్వ వికాసం, ప్రపంచస్థాయి మౌలిక వసతులు, విలువలతో కూడిన విద్య అన్నవి పెద్ద పెద్ద అక్షరాలతో ఉంటాయి. కూలికి వెళ్లే తల్లికి పదో తరగతి చదువుతున్న కూతురు వీటిని తర్జుమా చేసి చెప్పాలి, కూతురికి కూడా వాటి అర్థం తెలిసి ఉంటే. నోటీసులు, ఫీజులు, బస్సు, అడ్మిషన్ ఈ నాలుగూ తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉండి తీరాలి. మిగతావి ఏ భాషలో ఉన్నా ఎవరూ చదవరు కనుక తొందర లేదు.

తెలుగులో పెట్టేటప్పుడు యూనికోడ్‌లో పెట్టాలి. తెలుగు లిపికి యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే, అంటే 1991లోనే, చోటు దొరికింది. అయినా డీటీపీ సెంటర్లలో కరపత్రాలకూ పెళ్లిపత్రికలకూ వాడే అను ఫాంట్లలో టైపు చేసినదాన్ని నేరుగా సైట్‌లో అతికించే అలవాటు ఇంకా ఉంది. ఆ ఫాంటు లేని ఫోనులో "వార్షికోత్సవ ఆహ్వానం" అన్నది ఇంగ్లిషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, యూరప్ భాషల చుక్కల అక్షరాలూ కలిసిన మంత్రంలా కనిపిస్తుంది. ముఖ్య అతిథి పేరు అందులోనే ఎక్కడో ఉంటుంది. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు, గురజాడ వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగానే దొరుకుతాయి. వీటిలో రామభద్ర వంటి లావుపాటి అక్షరం శీర్షికలకు బాగుంటుంది, చదివే మాటలకు మండలి వంటి సన్నని అక్షరమే హాయి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా ఉంటే ఎవరి వత్తు వాళ్ల దగ్గరే ఉంటుంది.

రంగుల విషయంలో బళ్లకు ధైర్యం ఎక్కువ. బడి బస్సు పసుపు, యూనిఫాం టై ఎరుపు, కాబట్టి వెబ్‌సైట్ ఎర్ర పలక మీద పసుపు అక్షరాలు. దీనికి కొలత ఉంది. అక్షరం రంగుకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడాను 1 నుంచి 21 దాకా కొలుస్తారు. తెలుపు మీద నలుపు 21. మామూలు సైజు అక్షరానికి 4.5 కంటే తగ్గకూడదని, పెద్ద అక్షరానికి 3 కంటే తగ్గకూడదని డబ్ల్యూసీఏజీ చెబుతుంది. నిఖార్సయిన ఎరుపు మీద నిఖార్సయిన పసుపు 3.7 దగ్గర ఆగుతుంది. తెలుపు మీద ఎరుపు 4, అదీ తప్పినట్టే. తెలుపు మీద పసుపు అయితే 1.07, అంటే రాసినవాడికి తప్ప ఇంకెవరికీ కనపడదు. ఫీజు వివరాలు ఈ రంగులో పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే అది నేరమే అవుతుంది. ఈ విషయంలో బళ్లు ఒంటరివేమీ కావు. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ 2025లో పది లక్షల సైట్ల మొదటి పేజీలు పరీక్షిస్తే 94.8 శాతంలో లోపాలు కనిపించాయి. అన్నిటికంటే ఎక్కువచోట్ల కనిపించినది వెలవెలబోయే అక్షరమే.

రంగుతో మాత్రమే అర్థం చెప్పడం ఇంకొక పొరపాటు. క్యాలెండర్‌లో ఎర్రవి సెలవులు, పచ్చవి పనిదినాలు అని పెడితే, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లకు ఏడాదంతా ఒకటే రంగు. ఈ లోపం మగవాళ్లలో ఎక్కువ. గడిలో "సెలవు" అని మూడక్షరాలు ఎక్కువ రాస్తే తీరిపోయే సమస్య ఇది.

ఇక్కడి నుంచి అసలు విషయం. చూపులేనివాళ్లు వెబ్‌సైట్‌ను చెవులతో చదువుతారు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ తెర మీది మాటలను పైకి చదువుతాయి. ఎన్‌వీడీఏను 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టినాయన కూడా చూపులేనివాడే. ఇప్పుడు చూపులేని తండ్రి ఒకాయన కూతురి ఫీజు ఎంతో తెలుసుకుందామని బడి సైట్ తెరిచాడనుకోవాలి. ఫోను ఇలా చదువుతుంది: "చిత్రం. ఐ ఎమ్ జీ, డాష్, 20230815, డాష్, డబ్ల్యూ ఏ 0012. చిత్రం. ఐ ఎమ్ జీ, డాష్, 20230815, డాష్, డబ్ల్యూ ఏ 0013. లింకు, ఇక్కడ నొక్కండి. లింకు, ఇక్కడ నొక్కండి. లింకు, ఇక్కడ నొక్కండి." ఎక్కడ నొక్కితే ఏమొస్తుందో ఆ పరమాత్మకు కూడా తెలియదు. మొదటిది ఫీజు, రెండోది హోంవర్కు, మూడోది కరస్పాండెంట్ గారి పుట్టినరోజు రక్తదాన శిబిరం.

మందు చాలా చవక. ప్రతి ఫొటో వెనకా అదేమిటో చెప్పే ఒక వాక్యం రాసే గడి ఉంటుంది. "జెండాకు వందనం చేస్తున్న ఐదో తరగతి పిల్లలు" అని అందులో రాస్తే ఫోను అదే చదువుతుంది. అలంకారానికి పెట్టిన గీతలకూ పువ్వులకూ ఆ గడి ఖాళీగా వదిలితే ఫోను వాటిని దాటేస్తుంది. కరస్పాండెంట్ గారి ఫొటోకు ఆయన పేరు, హోదా చాలు, బిరుదులన్నీ రాస్తే వినేవాడికి పొద్దుపోతుంది. లింకు మీద "ఇక్కడ నొక్కండి" బదులు "ఆరో తరగతి ఫీజు వివరాలు" అని ఉండాలి. పేజీ కోడ్‌లో ఇది తెలుగు అని భాష గుర్తు వెయ్యాలి, లేకపోతే కొన్ని ఫోన్లు తెలుగును ఇంగ్లిషు గొంతుతో చదవబోయి, చేతకాక మౌనం వహిస్తాయి. శీర్షికలను ఊరికే లావు చెయ్యకుండా శీర్షికలుగానే గుర్తించాలి, అప్పుడే వినేవాళ్లు ఒక్కో శీర్షిక దాటుకుంటూ పోగలరు. మౌస్ పట్టలేనివాళ్లు కీబోర్డు మీద ట్యాబ్ మీటతోనే మెనూ అంతా తిరగగలగాలి. వినపడనివాళ్ల కోసం వార్షికోత్సవం వీడియోలో మాటలు అక్షరాల్లో రావాలి. ముఖ్య అతిథి ఉపన్యాసానికి ఈ ఏర్పాటు చేసేముందు వినపడనివాళ్ల అదృష్టాన్ని ఎందుకు చెడగొట్టాలని కొందరు వాదిస్తారు, కానీ హక్కు హక్కే.

నిజంగానే హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ నిధులున్న బళ్లే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బళ్లు కూడా ఆవరణనూ సౌకర్యాలనూ అందరికీ అందుబాటులో ఉంచాలని చెప్పింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు జీఐజీడబ్ల్యూ అనే మార్గదర్శకాలు 2009 నుంచి ఉన్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడాన్ని రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగంగా చెప్పింది. గేటు దగ్గర ర్యాంపు కట్టి, దాని మీద ఫ్లెక్సీ స్టాండు నిలబెట్టే అలవాటున్న చోట ఈ మాట వెబ్‌సైట్‌దాకా రావడానికి కొంత కాలం పట్టవచ్చు.

తల్లిదండ్రుల్లో చాలామంది సైట్‌ను చూసేది ఫోనులోనే, అదీ బస్సులో నిలబడి ఒక చేత్తో. కంప్యూటర్ పెద్ద తెర మీద చూసి కరస్పాండెంట్ గారు "అద్భుతం" అన్న పేజీ ఐదంగుళాల తెర మీద ఏమవుతుందో ఆయన ఎప్పుడూ చూడరు. ఫోను కెమెరా తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలు ఉంటుంది. కుదించకుండా పది పెడితే పేజీ తెరుచుకునేసరికి బస్సు స్టాపు దాటిపోతుంది, రీచార్జిలో కొంతభాగం కూడా దాంతోనే పోతుంది. ఫొటోలను కుదించి ఒక్కోటి వంద, రెండొందల కేబీలకు తేవాలి. ఫోను నంబరు వేలు పెడితే డయలయ్యేట్టు ఉండాలి. అది బొమ్మలో ఉంటే పెన్ను కోసం వెతుక్కోవాలి, బస్సులో పెన్ను దొరకదు. మీటలు కనీసం 24 పిక్సెళ్ల చతురస్రం ఉండాలన్నది 2023 డబ్ల్యూసీఏజీ చేర్చిన నియమం. "ఫీజు చెల్లించండి", "ఫిర్యాదు చెయ్యండి" అన్న రెండు మీటలూ మరీ ఆనుకుని ఉంటే ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కే ప్రమాదం ఉంది. రెండో మీట చాలా సైట్లలో లేదు కనుక ప్రస్తుతానికి భయం లేదు.

సీబీఎస్ఈ బళ్లు తప్పనిసరిగా బయటపెట్టాల్సిన వివరాలకు బోర్డు ఒక నమూనా ఇచ్చింది. అనుబంధ పత్రం, అగ్నిమాపక ధ్రువపత్రం, భవన భద్రతా పత్రం, ఫీజుల వివరాలు, గత మూడేళ్ల ఫలితాలు, టీచర్ల సంఖ్య, తరగతి గదుల సంఖ్యా కొలతలూ, తనిఖీ వీడియో లింకు, చివరికి ఆడపిల్లలకూ మగపిల్లలకూ మరుగుదొడ్లు ఎన్నో కూడా అందులో ఉండాలి. బడి తిరిగి చూసేటప్పుడు అడగడానికి మొహమాటపడే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకేచోట ఉన్న పేజీ ఇది. అందుకే దీన్ని అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిషు పేరుతో పెడతారు. పిల్లల్ని చేర్చబోయే తల్లిదండ్రులు సైట్‌లో మొదట వెతకాల్సిన పేజీ ఇదే. అనుబంధం ఏ బోర్డుదైనా, ఈ వివరాలు పై మెనూలో తెలుగు పేరుతో పెట్టగల బడి దాచుకోవడానికి ఏమీ లేని బడి.

పెట్టాల్సినవి దాచడంలో ఉన్న శ్రద్ధ, దాచాల్సినవి పెట్టడంలో కూడా ఉంటుంది. ఫలితాలు రాగానే పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు వరుసగా, ఒక్కో ఫొటో కింద పేరు, హాల్‌టికెట్ నంబరు, మార్కులు. టీవీ ప్రకటనల్లో ఒకటీ ఒకటీ రెండూ మూడూ అని ర్యాంకులు వినీ వినీ పెరిగిన రాష్ట్రాల్లో ఇది తప్పని ఎవరికీ తోచదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ధ్రువీకరించుకుని తీసుకోవాలి. ఆడపిల్ల ఫొటో, పేరు, తరగతి, బస్సు రూటు నాలుగూ ఒకే సైట్‌లో దొరికేటట్టు పెట్టడం ఎంత తెలివితక్కువో చట్టం చెప్పక్కర్లేదు. బడిలో ఎంతమంది పాసయ్యారో చెబితే చాలు, ఎవరికి ఎన్ని వచ్చాయో ఆ ఇంటివాళ్లకు తెలుసు, వాళ్ల చుట్టాలకు మరీ బాగా తెలుసు.

ఆఖరి అంశం నిర్వహణ. వెబ్‌సైట్ తయారుచేసినవాడు వెళ్లిపోతాడు, పాస్‌వర్డు తెలిసిన కంప్యూటర్ సార్ జీతం పెంచలేదని ఇంకో బడికి మారతాడు, సైట్ ఆ రోజు దగ్గరే ఆగిపోతుంది. పోయిన ప్రిన్సిపాల్ గారు సైట్‌లో ఇంకా స్వాగతం చెబుతుంటారు. ఏటా కట్టాల్సిన డొమైన్ రుసుము కట్టడం మరిచిపోతే పేరు ఇంకొకరి చేతిలో పడుతుంది, హోంవర్కు కోసం సైట్ తెరిచిన పిల్లవాడికి రమ్మీ ఆడమని ఆహ్వానం కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా మూడు పనులు చెయ్యాలి. డొమైన్‌ను కుర్రాడి పేరు మీద కాక బడి పేరు మీదే నమోదు చెయ్యాలి. గుర్తింపున్న విద్యాసంస్థలకు ఎర్నెట్ అనే సంస్థ ఇచ్చే ఈడీయూ డాట్ ఇన్ పేరు దొరుకుతుంది. పాస్‌వర్డు ఇద్దరి దగ్గర, ఒక కవరులో బీరువాలో ఉండాలి. ప్రతి సోమవారం పొద్దున ఆఫీసు గుమాస్తా పాత నోటీసు తీసి కొత్తది పెట్టాలి. ఆయనకు ఆ పని నేర్పడానికి ఒక మధ్యాహ్నం చాలు. ఎవరూ చూడని విజిటర్ల లెక్కను తీసెయ్యవచ్చు, అందులో సగం కరస్పాండెంట్ గారి రాకపోకలే.

తయారైన సైట్‌ను పరీక్షించడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. బడితో సంబంధంలేని మనిషికి, వీలైతే అరవై దాటినవాళ్లకు, మామూలు ఫోను ఇచ్చి మూడు ప్రశ్నలు అడగాలి: వచ్చే సోమవారం బడి ఉందా, ఆరో తరగతి ఫీజు ఎంత, ఆఫీసు నంబరు ఏది? పక్కన నిలబడి సాయం చెయ్యకూడదు, "అదిగో అక్కడ" అనకూడదు. తర్వాత టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకుని అవే మూడు ప్రశ్నలకు జవాబు వెతకాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ సైట్ తప్పు, మనిషి తప్పు కాదు. ఈ పరీక్ష కరస్పాండెంట్ గారి చేత కూడా ఒకసారి రాయించడం మంచిది, ఫలితం ఫ్లెక్సీ వెయ్యనవసరం లేదు. వెబ్‌సైట్ బాగుందని చెప్పడానికి అవార్డులు, విజిటర్ల లెక్కలు ప్రమాణం కావు. వానాకాలంలో సాయంత్రం ఏడు గంటలకు బడి ఆఫీసు ఫోను మోగకపోతే వెబ్‌సైట్ బాగున్నట్టు. మోగుతూనే ఉంటే, ఎంత అందంగా ఉన్నా, దాన్ని మళ్లీ కట్టాల్సిందే.